ఒయాజి: ఒక మాట, పలు అర్థాలు

తండ్రిని తెలిపే మాటలలో ఆ జాతి గృహచరిత్ర కొంత దాగి ఉంటుందని నా విశ్వాసం. జపాను భాషలోని ‘ఒయాజి’ అందుకు చక్కని నిదర్శనం.

జపానీయులు పరుల ఎదుట తమ తండ్రిని మర్యాదగా పేర్కొనవలసి వస్తే ‘చిచి’ అంటారు. ‘ఒతోసాన్’ అనే పిలుపు 1904లో బడులలో ప్రవేశించిన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల ద్వారా దేశమంతటా వ్యాపించింది. మగవారు ఆప్తుల నడుమ చనువుగా వాడే మాట ‘ఒయాజి’. ‘ఒయా’ అనగా తల్లిదండ్రులలో ఎవరైనా. దానికి ‘చిచి’ చేరి ‘ఒయాచిచి’ అయి, అది ‘ఒయాజి’గా మారినదని నిఘంటుకారులు చెప్పే వ్యుత్పత్తి.

ఈ మాట ఇల్లు దాటి చాలా దూరం నడిచింది. చిన్న భోజనశాల యజమాని ఒయాజి. పనివారికి తమ పెద్ద ఒయాజి. ఉత్తరాన హొక్కయిదో దీవిలో ఎలుగుబంటి సైతం ‘కొండ ఒయాజి’! భూకంపం, పిడుగు, అగ్ని, ఒయాజి అంటూ నాలుగు భయాలను వరుసగా చెప్పే సామెత ఒకటి ఉన్నది. ఆ నాలుగవ భయానికి ఒకప్పుడు చట్టం అండ కూడా ఉండేది. 1898 నాటి పౌరస్మృతి ప్రకారం కుటుంబంలోని వారి వివాహానికి గృహపతి సమ్మతి కావలసి ఉండేది. ఆ గృహపతి స్థానం సాధారణంగా జ్యేష్ఠపుత్రునికి సంక్రమించేది. యుద్ధానంతరం 1947లో జరిగిన సవరణ ఆ అధికారాన్ని రద్దు చేసింది.

నడివయసు మగవాడు అనే అర్థం ఈ మాటకు పాతదే. ఇరవయ్యవ శతాబ్ది చివరకు అందులో ఎగతాళి పాలు హెచ్చింది. గోల్ఫు, గుర్రప్పందేలు, మద్యం మొదలైన వారి అలవాట్లను అందిపుచ్చుకున్న యువతులను 1990 ప్రాంతంలో ‘ఒయాజి గ్యారు’ అన్నారు. ఆ దశాబ్దంలోనే, అటువంటి ఉద్యోగులను దారికాచి కుర్రకారు దోచుకోవడానికి ‘ఒయాజి వేట’ అనే పేరు వచ్చింది. వారి హాస్యానికీ మన్నన లేదు. ‘ఫుతోన్ గ ఫుత్తొంద’ అంటే పరుపు ఎగిరిపోయిందని అర్థం. మన ఆలంకారికులు శబ్దాలంకారమని ఆదరించే విద్య అక్కడ ‘ఒయాజి గ్యాగు’ అనిపించుకొని శ్రోతల నిట్టూర్పులకు గురి అవుతుంది!

మన ‘అయ్య’ కూడా ఇటువంటిదే కదా. తండ్రి అయ్య, యజమాని అయ్య, పేరు చివర గౌరవమూ అయ్యే. ‘నాయన’ మరీ విచిత్రం. కొడుకు తండ్రిని పిలిచే మాటతోనే తండ్రి కొడుకును లాలిస్తాడు.

ఎంత వెక్కిరింత చేరినా, నేటికీ జపానీయుడు స్నేహితునితో తన తండ్రి ముచ్చట చెప్పవలసి వచ్చినప్పుడు ‘ఒయాజి’ అనే అంటాడు. అప్పుడు ఆ మాటలో భయమూ ఉండదు, హేళనా ఉండదు.