దూలం కథ

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇల్లు మొదలుపెట్టారంటే, పూర్వం ఇరుగుపొరుగు అడిగే మొదటి ప్రశ్న "దూలాలు ఏం వేస్తున్నారు?" అని. నేడంతా శ్లాబే కనుక ఆ ప్రశ్నకు పనిలేదు. కానీ దూలానికి గొప్ప చరిత్ర ఉంది.

బాపట్ల, చీరాల ప్రాంతాల్లో తాటి దూలాలు వేసేవారు. తాటిమానులో బలమంతా పైవైపునున్న నల్లని చేవలోనే ఉంటుంది. నడుమ మెత్తని గుజ్జు. అందుకే ముదురు మానును నిలువునా చీల్చి, గుజ్జు తొలగించి, చేవను వాడేవారు. పల్నాడులో దూలాల మీద నాపరాళ్లు పరిచి మట్టిమిద్దెలు వేసేవారు. కలిగినవారి ఇళ్లకు, సర్కారు కచేరీలకు మద్రాసు టెర్రసు: టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి, సున్నంతో బిగించేవారు.

టేకులో పేరున్నది రంగూన్ టేకు. 1942 మార్చిలో రంగూన్ జపానువారి వశం కావడంతో ఆ రాక ఆగిపోయింది. తరువాత మాచర్లలో సిమెంటు తయారైంది, ఇనుప చువ్వలు అందుబాటులోకి వచ్చాయి, దూలం వెనకబడింది. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు అడవుల నరికివేతపై ఇచ్చిన ఉత్తర్వుతో కలప మరింత అరుదైంది.

పెద్దమానుల కొరత అమెరికాకూ తప్పలేదు. అక్కడ 1969లో ట్రస్ జాయిస్ట్ అనే కంపెనీ 'ఐ' అక్షరం ఆకారపు దూలాన్ని తెచ్చింది. పైనా కిందా గట్టి పట్టెలు, నడుమ జిగురుతో అతికిన పలుచని చెక్క పలక. బరువు మోసే దూలంలో పైఅంచు నొక్కుకుంటుంది, కిందిఅంచు సాగుతుంది. నడుమ శ్రమ తక్కువ. కనుక కలపను అంచుల్లోనే ఉంచారు. తేలిక, పొడవు, వంకర లేకపోవడం దీని సుగుణాలు. చేవ ఉంచి గుజ్జు తీసేసిన మన వడ్రంగులకు ఇది వింతేమీ కాదు!

లోపమూ ఉంది. 2008లో అమెరికాలో జరిపిన అగ్నిపరీక్షల్లో, కింద కప్పు లేని మామూలు కలప దూలాల నేల సుమారు 18 నిమిషాలు నిలిస్తే, ఈ కొత్తదాని నేల 6 నిమిషాలకే కూలింది. లావు దూలం పైన మాడినా లోపల నిలుస్తుంది. పలుచని పలక త్వరగా కాలిపోతుంది. అందుకే దాని కింద జిప్సం పలకల వంటి రక్షణ అవసరం.

నేడు మన ఊళ్లలో పాత ఇళ్లు పడగొడుతున్నారు. సభ్యులకు నా మనవి ఒక్కటే: ముందుగా అనుభవమున్న వడ్రంగిచేత దూలాల చివరలు, గోడలోకి పోయిన భాగం తట్టించి చూడండి. చెద, కుళ్లు లేకపోతే ఆ కలపను వంటచెరుకుగా పోనివ్వకండి. తలుపులకో, గుమ్మాలకో వాడండి. అటువంటి కలప మళ్లీ దొరకడం కష్టం.