నాలుగు వేళ్ళ ఖాళీ

మా పెదనాన్నగారి అంబాసిడర్‌లో ముందు ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళకి వానాకాలంలో తడవక తప్పేది కాదు. అద్దం ఎంత తిప్పినా పైన నాలుగు వేళ్ళంత ఖాళీ మిగిలేది. ఇంకో అర చుట్టు బలవంతాన తిప్పామా, తలుపు లోపల టక్కుమనేది, అద్దం జారి కిందికి పోయేది. జారకుండా దోపడానికి డ్యాష్‌బోర్డు అరలో ఒక టేకు చెక్క ముక్క ఎప్పుడూ ఉండేది. విండో మెషిన్ మూడుసార్లు మార్పించారని ఇంటిల్లిపాదికీ తెలుసు. మూడూ ఒకేలా పోయాయి. ఎందుకన్నది మాత్రం తెలియదు.

పెదనాన్నగారు పోయాక బండి నా చేతికొచ్చింది. 1978 నాటి మార్క్ 3. అమలాపురంలో ఒక పెద్దవయసు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, నాలుగో మెషిన్ వేద్దామా అని అడిగాను. ఆయన హ్యాండిల్ రెండు చుట్లు తిప్పి చూసి, "మూడు వేసినా ఆగలేదంటే మెషిన్ ఏం చేస్తదండి? ముందు తలుపు విప్పి చూద్దారి" అన్నారు.

హ్యాండిళ్ళు తీసి, డోర్ ప్యాడ్ ఊడదీశాం. మెషిన్ బయటికొచ్చింది. దాని పనితీరు సులువే. హ్యాండిల్ తిప్పితే చిన్న పినియన్ తిరుగుతుంది. అది విసనకర్రలా ఉండే పళ్ళ పలకను కదుపుతుంది. పలకకు బిగించిన పొడవాటి చేయి పైకి లేస్తుంది. అద్దం అడుగున ఒక ఇనుప ఛానల్ ఉంటుంది, చేయి కొన అందులో జారుతూ అద్దాన్ని మోస్తుంది. చేయి తిరిగేది వంపుగా, అద్దం లేచేది నిటారుగా. అందుకే ఆ కొనకి ఛానల్ పొడవునా అటూ ఇటూ జరగడానికి చోటు కావాలి. ఈ సంగతి అప్పుడు పట్టించుకోలేదు, తరవాత అక్కరకొచ్చింది.

పళ్ళ పలకలో చివరి మూడు పళ్ళు అరిగి గుండ్రబడ్డాయి. మిగతావి కొత్తవాటిలా ఉన్నాయి. మెషిన్ నాసిరకమైతే అన్నీ అరగాలి కదా! అద్దం పైకంటా వెళ్ళబోయే చోటే ఏదో అడ్డుపడుతోందన్నమాట.

తలుపు అడుగున మట్టి, తుప్పు పొట్టు. నీళ్ళు కారిపోవడానికి ఉండే రంధ్రాలు పూడుకుపోయాయి. ఆ మట్టిని పాత పేపరు మీద పోసి వేళ్ళతో కెలికాను. పటికబెల్లం పలుకుల్లా గాజు ముక్కలు దొరికాయి, గుప్పెడు. మొద్దు అంచులు, వేలికి గుచ్చుకోవు. వాటితోపాటు బొటనవేలి గోరంత ఎర్రటి మట్టి పెళ్ళ ఒకటి. దాన్ని పక్కన పడేసి గాజు మీదే ధ్యాస పెట్టాను.

అలా పలుకులుగా రాలేది టఫెన్డ్ గాజే. దాన్ని ఆరు వందల డిగ్రీలు దాటేదాకా కాల్చి, చల్లగాలి ఊది ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర బిగుసుకుపోతుంది. పగిలితే కత్తుల్లాంటి పెంకులుగా కాక పలుకులుగా రాలుతుంది, మనిషి గొంతు తెగకుండా. అంటే బండితో వచ్చిన అద్దం ఎప్పుడో పగిలింది. మరి ఇప్పుడున్నది ఏ అద్దం?

పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తే టఫెన్డ్ గాజులో మచ్చలో చారలో కనిపిస్తాయి, ఆ చల్లార్పు గుర్తులు. కుడి అద్దంలో కనిపించాయి. ఎడమదానిలో ఏమీ లేదు. కుడి అద్దం మూల కంపెనీ ముద్ర ఉంది, ఎడమదానికి లేదు. అంచు చూస్తే చేత్తో సానపట్టిన గీతలు. టఫెన్డ్ గాజును కోయలేరు, కోయబోతే మొత్తం రాలిపోతుంది. కాబట్టి ఇది ఇంటి కిటికీకి వేసే మామూలు గాజు, కొలతకి కోసి పెట్టింది. ఇన్నేళ్ళూ మేం పిల్లల్ని దాని పక్కనే కూర్చోబెట్టుకుని అన్నవరం, ద్రాక్షారామం తిరిగాం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

వెర్నియర్‌తో కొలిస్తే కుడిది ఐదు మిల్లీమీటర్ల లోపు, ఎడమది ఆరుకి దగ్గర. గాజు చదరపు మీటరుకి ఒక మిల్లీమీటరు మందం పెరిగితే రెండున్నర కిలోలు పెరుగుతుంది. ఈ అద్దం లెక్కన అరకిలో. అరకిలో బరువుకి పళ్ళు అరగవు. కానీ మందపు అద్దం తాను జారే ఫెల్ట్‌ని రెండు పక్కలా ఒరుసుకుంటోంది, పైకెళ్ళే కొద్దీ పట్టు ఎక్కువ. బిగువుకి అది కారణమే. ఆగిపోవడానికి మాత్రం ఇంకేదో ఉండాలి.

అది ఛానల్‌లో దొరికింది. కుడి తలుపు కూడా విప్పించాను, పోల్చి చూడ్డానికి. కుడి ఛానల్‌లో చేయి కొన జారిన మెరుపు గీత చివరికి అంగుళం ముందే ఆగింది. ఎడమదానిలో గీత చివరిదాకా పోయింది, అక్కడ ఇనుప అంచు బయటికి వంగింది కూడా. ఛానల్‌ని అద్దానికి బిగించిన చోటు కొలిస్తే, కుడిదానికంటే అంగుళంపావు పక్కకి ఉంది. పైకి నాలుగు వేళ్ళు మిగిలేసరికి చేయి కొనకి చోటు అయిపోతుంది. అప్పుడు హ్యాండిల్ బలమంతా అద్దాన్ని లేపడం మాని పక్కకి నెడుతుంది. ఆ నెట్టుడు మోసేవి ఆ చివరి మూడు పళ్ళే. ఎవరు ఎన్ని మెషిన్లు వేసినా అక్కడే పోతాయి.

ఛానల్‌కీ గాజుకీ మధ్య రబ్బరు పట్టీ లేదు, కత్తిరించిన సైకిలు ట్యూబు ఉంది. మందపు గాజుకి అసలు పట్టీ పట్టలేదన్నమాట. ఇదంతా చేతికందిన వస్తువుతో, తొందరలో చేసిన పని. ఏం తొందరో తెలియాలంటే ఇంటికెళ్ళాలి.

పెదనాన్నగారు రూపాయి రూపాయికీ పద్దు రాసేవారు. బండి ఖర్చులకి వేరే పుస్తకం. 1978 నుంచి తిరగేశాను. బ్రేకులు, డైనమో, టైర్లు, పెట్రోలు. పద్దెనిమిదేళ్ళపాటు తలుపుల ఊసే లేదు. 1998, 2003, 2009లో 'ఎడమ డోర్ మెషిన్' అని మూడు పద్దులు. వాటన్నిటికీ ముందు, 1996 నవంబర్ 19న: 'కారు అద్దం, కోత కూలి.'

కోనసీమవాళ్ళకి ఆ నెల గురించి వేరే చెప్పక్కర్లేదు. 1996 నవంబర్ 6 రాత్రి తుఫాను కాకినాడకి దిగువన తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు నేలకూలాయి. ఎర్ర పెళ్ళ అప్పుడు గుర్తొచ్చింది. తీసుకెళ్ళి పెద్దమ్మ అరచేతిలో పెట్టాను.

"వంటింటి మీది బెంగుళూరు పెంకురా ఇది," అంది చూడగానే. "ఆ రాత్రి పెంకులు కాకుల్లా ఎగిరిపోయాయి. తెల్లారి చూస్తే కారు సీటు నిండా గాజు. రోడ్లు లేవు, కరెంటు లేదు. ఎవరికి ఏ సుస్తీ చేసినా ఆసుపత్రికి మీ పెదనాన్న కారే దిక్కు. రెండు వారాలు అద్దం లేకుండానే తిప్పారు."

కంపెనీ అద్దం కోసం ఎదురుచూసే రోజులా అవి? కిటికీ గాజు కోయించారు. పాత అద్దం పలుకులైపోయింది గనక ఛానల్ ఎక్కడుండాలో చూపేది మిగల్లేదు. కుడి తలుపు విప్పి కొలిస్తే తెలిసేదే. ఆ వారంలో అంత తీరిక ఎవరికుంటుంది? ఆ బిగించిన చేతుల్ని తప్పుపట్టలేకపోయాను.

ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు తిరిగితే, పాత తలుపొకటి ముద్ర ఉన్న అద్దంతో దొరికింది. కళ్ళద్దాలు పెట్టి చారలు చూశాకే డబ్బులిచ్చాను. రబ్బరు పట్టీ, ఫెల్ట్ కొత్తవి. ఛానల్ కుడి తలుపు కొలత ప్రకారం. నీటి రంధ్రాలు పొడిచి తెరిచాం.

మెషిన్ మాత్రం మార్చొద్దన్నాను. నేను అల్లుకున్నది నిజమైతే 2009 నాటిదే పనిచెయ్యాలి. మెకానిక్ గారు అరిగిన మూడు పళ్ళ మీద వెల్డింగు పోసి, పూటంతా ఆకురాయి పట్టి వాటిని మళ్ళీ పళ్ళలా తీర్చారు. ప్యాడ్ బిగించకుండానే హ్యాండిల్ తగిలించి, "మీరే తిప్పండి" అన్నారు.

రెండు వేళ్ళతో తిప్పాను. అద్దం ఎక్కడా ఆగలేదు. పై ఫెల్ట్‌లోకి మెత్తగా దిగి నిలిచింది.