ఆటలో కట్టిన గ్రంథాలయం: అన్‌సెన్సార్డ్ లైబ్రరీ

మైన్‌క్రాఫ్ట్ అంటే బ్లాకులు పేర్చి ఇళ్లు, కోటలు కట్టే కంప్యూటర్ గేమ్. వేర్వేరు దేశాల వాళ్లు ఒకే సర్వర్‌లోకి వచ్చి కలిసి ఆడొచ్చు. ఒకరు పెట్టిన బ్లాకు మిగతా వాళ్లకు వెంటనే కనిపిస్తుంది. అందుకే పెద్ద కట్టడాలను జట్టుగా, పని పంచుకుని కడతారు.

ఇలాంటి జట్టు పనికి మంచి ఉదాహరణ అన్‌సెన్సార్డ్ లైబ్రరీ. పత్రికా స్వేచ్ఛ కోసం పనిచేసే ‘రిపోర్టర్స్ వితౌట్ బార్డర్స్’ సంస్థ దీన్ని 2020 మార్చి 12న ప్రారంభించింది. బ్లాక్‌వర్క్స్ అనే డిజైన్ సంస్థ ఆధ్వర్యంలో 16 దేశాలకు చెందిన 24 మంది కలిసి కోటీ 25 లక్షలకు పైగా బ్లాకులతో దీన్ని కట్టారు.

లోపల సౌదీ అరేబియా, ఈజిప్టు, రష్యా, వియత్నాం, మెక్సికోలకు విడివిడిగా గదులున్నాయి. 2018 అక్టోబర్ 2న ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో హత్యకు గురైన జర్నలిస్టు జమాల్ ఖషోగీ వ్యాసాలు సౌదీ గదిలో ఉన్నాయి.

ఆటనే ఎందుకు ఎంచుకున్నారు? వార్తల సైట్లను ఆపేసిన చోట కూడా ఈ గేమ్ నడుస్తుంది. వ్యాసాలు ఆటలోని పుస్తకాల్లో ఉంటాయి. ఎవరైనా చదవొచ్చు, కానీ మార్చలేరు. పైగా లైబ్రరీ మొత్తాన్నీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఒకచోట తీసేసినా, కాపీలు ఇంకెందరి కంప్యూటర్లలోనో ఉంటాయి. అందుకే దీన్ని పూర్తిగా చెరిపేయడం కష్టం.