మేల్కొనని యంత్రము: బూట్ వైరసుల చరిత్ర

మీట నొక్కగానే లాప్‌టాప్ తెర వెలుగుట నిత్యము చూచునదే. ఒకనాడు మీట నొక్కినను తెర నల్లగానే యుండిపోయినచో, లేక డిస్కు కనబడలేదను ఒక్క వాక్యము చూపి యంత్రము ఆగిపోయినచో, ఇంటిలోని వారు మొదట అనుమానించునది వైరసునే. ఈ అనుమానమునకు ఆధారము లేకపోలేదు. యంత్రమును లేవనీయకుండ చేసిన వైరసులు చరిత్రలో అనేకము కలవు. కాని అనుమానము ప్రతిసారియు నిజము కాదు. తొందరపడి చేసిన చికిత్స రోగము కంటె ఎక్కువ నష్టము కలిగించిన సందర్భములును ఉన్నవి. నిజమేదియో తేల్చుకొనవలెనన్న, కంప్యూటరు ఏ క్రమమున మేల్కొనునో, ఆ క్రమములో వైరసు ఎచ్చట చొరబడినదో తెలియవలెను.

మేల్కొను విధము

విద్యుత్తు లేనప్పుడు కంప్యూటరు యొక్క పని జ్ఞాపకములో ఏమియు నిలువదు. కావున మీట నొక్కిన క్షణమున అది ఖాళీ పలక వంటిది. పని చేయుటకు కావలసిన ప్రోగ్రాములు డిస్కు మీద నున్నవి. కాని డిస్కును చదువుటకు కూడ ఒక ప్రోగ్రాము కావలెను గదా! ఈ చిక్కును విడదీయుటకు, విద్యుత్తు పోయినను మరువని ఒక చిన్న చిప్పులో కొన్ని ఆదేశములను ముందుగనే వ్రాసియుంచుదురు. 1981 ఆగస్టులో వెలువడిన ఐ.బి.యం. పర్సనల్ కంప్యూటరులో దీనికి బయాస్ అని పేరు.

బయాస్ మొదట జ్ఞాపకమును, కీబోర్డును, ఇతర భాగములను పరీక్షించును. పిమ్మట డిస్కులోని మొట్టమొదటి గడిని, అనగా మొదటి సెక్టరును, జ్ఞాపకములోనికి తెచ్చును. ఈ గడి పరిమాణము 512 బైట్లు మాత్రమే. హార్డు డిస్కులో నైనచో వీనిలో 446 బైట్లు ఆదేశములకు, 64 బైట్లు డిస్కు ఏ భాగములుగా విభజింపబడినదో తెలుపు పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తు కొరకు కేటాయింపబడినవి. చివరి గుర్తు సరిగా నున్నచో బయాస్ తన అధికారమును ఆ గడిలోని ఆదేశములకు అప్పగించును. ఆ ఆదేశములను ఎవరు వ్రాసిరి, ఎందులకు వ్రాసిరి అని అది విచారింపదు.

బూట్ వైరసుల చరిత్ర యంతయు ఈ ఒక్క లోపము నుండియే పుట్టినది. మొదటి గడిలో కూర్చున్నదే ముందుగా మేల్కొనును. తరువాత వచ్చు ప్రోగ్రాములన్నియు దాని చేతి మీదుగా రావలసినదే. కోట తలుపు తీయువాడే దొంగయైనచో లోపల కావలివాండ్రు ఎందరున్నను లాభమేమి?

మొదటి ప్రయోగములు

1982లో అమెరికాలో రిచ్ స్క్రెంటా అను పదునైదేండ్ల విద్యార్థి యాపిల్-2 కంప్యూటరు కొరకు ఎల్క్ క్లోనర్ అను ప్రోగ్రామును వ్రాసెను. అది ఫ్లాపీ డిస్కు యొక్క బూట్ భాగములో దాగి, అదే యంత్రములో పెట్టిన వేరొక ఫ్లాపీకి తనంతట తాను ప్రాకెడిది. ఏబదవ పర్యాయము యంత్రము మొదలుపెట్టినపుడు తెర మీద ఒక చిన్న పద్యము చూపెడిది. స్నేహితులను ఆటపట్టించుటయే దాని ఉద్దేశము.

1983 నవంబరులో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఫ్రెడ్ కోహెన్ అను పరిశోధక విద్యార్థి ఇట్టి ప్రోగ్రామును ప్రయోగ పూర్వకముగ చూపెను. దీనిని వైరసు అని పిలువవచ్చునని సూచించినవాడు ఆయన ఆచార్యుడు లెనార్డ్ ఏడిల్‌మన్. ఏ ప్రోగ్రామునైనను పరిశీలించి, అది వైరసు అవునో కాదో ఎన్నడును తప్పకుండ తేల్చు సార్వత్రిక పద్ధతి ఉండజాలదని కోహెన్ గణిత రీత్యా నిరూపించెను. వైరసు నిరోధక ప్రోగ్రాములు నేటికిని పూర్తి హామీ నీయజాలకపోవుటకు మూలకారణ మిదియే.

లాహోరు నుండి వచ్చిన వైరసు

ఐ.బి.యం. తరహా కంప్యూటర్లకు సోకిన మొదటి వైరసు బ్రెయిన్. దీనిని 1986లో పాకిస్తానులోని లాహోరు నగరమున బాసిత్ ఫారూఖ్ అల్వీ, అంజద్ ఫారూఖ్ అల్వీ అను సోదరులు వ్రాసిరి. తాము తయారుచేసిన వైద్య సంబంధమగు ప్రోగ్రామును అనుమతి లేక నకలు చేయువారిని పట్టుకొనుటకే దీనిని వ్రాసితిమని వారు చెప్పిరి. వైరసు లోపలనే తమ పేర్లను, దుకాణపు చిరునామాను, టెలిఫోను సంఖ్యలను కూడ వ్రాసియుంచిరి!

బ్రెయిన్ 360 కిలోబైట్ల ఫ్లాపీలకు మాత్రమే సోకెడిది. అసలు బూట్ గడిని వేరొకచోటికి జరిపి, ఆ చోటు చెడిపోయినదని గుర్తు పెట్టి, తాను మొదటి గడిలో కూర్చుండెడిది. ఎవరైన మొదటి గడిని చదువబోయినచో, దాచియుంచిన అసలు గడిని తెచ్చి చూపెడిది. అనగా రోగ పరీక్షకు వచ్చిన వైద్యునికి వేరొకరి నాడిని అందించినట్లు! 1987 నాటికి ఇది అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయము వరకు ప్రాకినది.

రోగగ్రస్తమైన యంత్రమును ఆ యంత్రము చేతనే పరీక్షింపరాదు అను సూత్రము ఇచ్చటనే తేలినది. ముందుగా యంత్రమును పూర్తిగా ఆపవలెను. వ్రాతకు వీలులేకుండ మూసిన, శుభ్రమైన వేరొక ఫ్లాపీతో దానిని మేల్కొల్పవలెను. అప్పుడే డిస్కులో నున్నది ఉన్నట్లు కనిపించును.

తొందరపాటు చికిత్స

1987లో న్యూజీలండులో పుట్టిన స్టోన్డ్ అను వైరసు హార్డు డిస్కు మొదటి గడిని ఆక్రమించినది. నష్టము చేయుట దాని ఉద్దేశము కాదు. అప్పుడప్పుడు ఒక హాస్య వాక్యమును చూపెడిది. కాని అది అసలు గడిని దాచు చోటు కొన్ని ఫ్లాపీలలో ఫైళ్ల పేర్ల పట్టికకు చెందినది. ఆ పట్టిక చెరిగిపోయి ఫైళ్లు మాయమయ్యెడివి.

దీని నుండి రూపొందిన మైకెలాంజిలో 1991లో బయటపడినది. మార్చి 6వ తేదీన యంత్రమును మొదలుపెట్టినచో అది డిస్కు మొదటి భాగములను పనికిరాని అక్షరములతో నింపివేసెడిది. ఆ తేది ఇటలీ శిల్పి మైకెలాంజిలో జన్మదినము అగుటచే పరిశోధకులు దానికి ఆ పేరు పెట్టిరి. వైరసులో మాత్రము శిల్పి ప్రసక్తి లేదు. 1992 మార్చి 6న లక్షల కంప్యూటర్లు నాశనమగునని పత్రికలు హెచ్చరించెను. నిజముగ దెబ్బతిన్నవి వేల సంఖ్యలోనే ఉండెను.

ఆ కాలముననే మైక్రోసాఫ్టు డాస్‌లోని ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాముతో మొదటి గడిలోని ఆదేశములను తిరిగి వ్రాయు చిట్కా ప్రచారములోనికి వచ్చినది. స్టోన్డ్ విషయమున అది చక్కగా పనిచేసినది. కాని మంకీ అను వేరొక వైరసు విభజన పట్టికను తన చోటున ఉంచక, అసలు గడిని మరుగు లిపిలో మార్చి వేరొకచోట దాచెడిది. వైరసు ఉన్నంత వరకు పట్టిక అడిగిన వారికి అదియే దానిని విప్పి అందించెడిది. ఇట్టి యంత్రములో పై చిట్కాను ప్రయోగించినచో వైరసు పోయెడిది. దానితోపాటు డిస్కులోనికి దారియు పోయెడిది. నిదానము లేని చికిత్సకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

1999 ఏప్రిల్ 26

అప్పటి వరకు వచ్చిన వైరసులు డిస్కును మాత్రమే చెరపగలిగెను. బయాస్ చిప్పు జోలికి పోలేకుండెను. 1990లలో తయారీదారులు బయాస్‌ను ఫ్లాష్ అను కొత్తరకపు చిప్పులో ఉంచసాగిరి. పెట్టె విప్పకుండనే దానిని మార్చుకొనుటకు ఇది అనుకూలము. కాని యజమాని వ్రాయగలిగిన చోట దొంగయు వ్రాయగలడు.

తైవానులోని తాతుంగ్ విద్యాసంస్థలో చదువుచున్న చెన్ ఇంగ్-హావ్ 1998లో ఒక వైరసును వ్రాసెను. అతని పేరులోని అక్షరములను బట్టి దానికి సి.ఐ.హెచ్. అని పేరు వచ్చినది. దాని పరిమాణము సుమారు 1 కిలోబైటు. ప్రోగ్రాము ఫైళ్లలో ఖాళీగా నుండు సందులలో అది ముక్కలు ముక్కలుగా ఒదిగిపోయెడిది. కావున ఫైలు పరిమాణము పెరిగెడిది కాదు. విండోస్ 95, 98లలో సామాన్య ప్రోగ్రాములకు నిషేధింపబడిన అధికారమును అది సంపాదించుకొనెడిది, విండోస్ ఎన్.టి. మీద దాని ఆట సాగలేదు.

1999 ఏప్రిల్ 26న అది విజృంభించెను. 1986లో అదే తేదీన చెర్నోబిల్ అణు విద్యుత్కేంద్ర ప్రమాదము జరిగినందున దీనికి చెర్నోబిల్ వైరసు అను పేరును స్థిరపడినది. ఆనాడు సోకిన యంత్రములలో హార్డు డిస్కు యొక్క మొదటి 1 మెగాబైటు సున్నలతో నిండిపోయెను. కొన్ని రకముల మదర్‌బోర్డులలో బయాస్ చిప్పు కూడ చెరిగిపోయెను. దక్షిణ కొరియా, టర్కీ దేశములలో నష్టము అత్యధికముగ ఉండెను.

బయాస్ పోయిన యంత్రము బొత్తిగా మూగబోయెడిది. మదర్‌బోర్డు కాలిపోయినదని తలచి దానిని పారవేసినవారును కలరు. నిజమునకు చెడినది చిప్పులోని వ్రాత మాత్రమే. అదే రకపు బోర్డు నుండి చిప్పు తెచ్చి అమర్చినను, చెడిన చిప్పును వేరొక పరికరములో పెట్టి తిరిగి వ్రాసినను యంత్రము లేచెడిది.

డిస్కు సంగతియు ఆలోచింపదగినదే. 4 గిగాబైట్ల డిస్కులో 1 మెగాబైటు అనగా 4,096వ వంతు మాత్రమే. చినిగినది గ్రంథము కాదు, విషయసూచిక. ఫ్యాట్-32 పద్ధతిలో ఆ సూచికకు రెండు ప్రతులు ఉండును. డిస్కును 4 కిలోబైట్ల ముక్కలుగా భాగించి, ముక్క ఒక్కింటికి 4 బైట్ల చొప్పున సూచికలో వ్రాసినచో, 1 గిగాబైటుకు 2,62,144 ముక్కలు, 10,48,576 బైట్ల సూచిక అగును. అది సరిగా 1 మెగాబైటు. కావున 1 గిగాబైటు కంటె పెద్ద భాగములలో రెండవ ప్రతి వైరసుకు అందకుండ మిగిలెడిది. దాని సాయమున ఎందరో తమ ఫైళ్లను తిరిగి పొందిరి. పాత ఫ్యాట్-16 పద్ధతిలో సూచిక చిన్నది; రెండు ప్రతులును ఆ మొదటి మెగాబైటులోనే ఉండి రెండును నశించెడివి.

వైరసు నిరోధక ప్రోగ్రాముల వారి గొప్పలను సవాలు చేయుటకే దీనిని వ్రాసితినని చెన్ చెప్పెను. బాధితులెవరును ఫిర్యాదు చేయనందున అప్పుడు తైవానులో అతనిపై అభియోగము మోపలేకపోయిరి. ఈ సంఘటన అచ్చట కొత్త కంప్యూటరు నేరముల చట్టమునకు దారితీసినది.

నేటి సంగతి

పిమ్మట బయాస్ స్థానమున యు.ఇ.ఎఫ్.ఐ. అను పద్ధతి వచ్చినది. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి సెక్యూర్ బూట్ వ్యాప్తిలోనికి వచ్చెను. దీనిచే యంత్రము మొదటి ప్రోగ్రాము యొక్క డిజిటల్ సంతకమును పరీక్షించిన తరువాతనే దానికి అధికారము నిచ్చును. 1981 నాటి లోపము ఇట్లు చాల వరకు పూడినది. పూర్తిగా కాదు: 2017 జూన్ 27న ఉక్రెయిన్ నుండి వ్యాపించిన నాట్‌పెట్యా వేలకొలది యంత్రములను లేవకుండ చేసినది. మెర్స్క్ నౌకా సంస్థ 45,000 కంప్యూటర్లను తిరిగి సిద్ధపరచుకొనవలసి వచ్చెను. ముంబయి సమీపమున జవహర్‌లాల్ నెహ్రూ రేవులోని ఒక టెర్మినల్ పనులును స్తంభించెను. ఆ సంస్థ జాబితాలను భద్రపరచిన సర్వర్లన్నిటిలో ఘనా దేశములోనిది ఒక్కటే బయటపడినది. దాడి వేళకు అచ్చట కరెంటు పోయి అది ఆగియుండుటయే కారణము!

దీనికి విరుద్ధమైన ఉదాహరణము 2024 జూలై 19న కనిపించినది. ఆనాడు ప్రపంచమంతట సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలి తెర చూపి ఆగిపోయెను. హైదరాబాదు విమానాశ్రయములో చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిరి. కారణము వైరసు కాదు. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ వారి రక్షణ ప్రోగ్రామునకు వచ్చిన లోపభూయిష్టమైన మార్పు. కంచే చేను మేసినట్లయినది.

కావున లేవని లాప్‌టాప్‌ను మేల్కొను క్రమములోనే పరీక్షింపవలెను. దీపము కూడ వెలుగనిచో చార్జరు, బ్యాటరీ, విద్యుత్తు దారులను చూడవలెను. దీపము వెలిగి తెర నల్లగా నున్నచో జ్ఞాపకపు పలక, తెర అనుమానింపదగినవి. తయారీదారు చిహ్నము కనిపించి డిస్కు లేదని చెప్పినచో డిస్కో, దాని మొదటి భాగమో చెడినది. విండోస్ మొదలై నడుమ ఆగినచో దాని ఫైళ్లలో దోషమున్నది. చివరి రెంటియందే వైరసునకు అవకాశము ఎక్కువ. అట్టిచో మొదట చేయవలసినది మరమ్మతు కాదు. వేరొక మంచి యంత్రములో తయారుచేసిన పెన్‌డ్రైవుతో మేల్కొల్పి, లేదా డిస్కును వేరుచేసి, ఫైళ్లకు నకలు తీసికొనుట. ఆ పిమ్మటనే పరీక్ష, అవసరమైనచో తుడిచి తిరిగి స్థాపించుట.

యంత్రమునకు వేరొక యంత్రము దొరకును. చిప్పునకు వేరొక చిప్పు దొరకును. విద్యార్థి వ్రాసికొన్న పాఠములకు, ఉపాధ్యాయుడు ఏండ్ల తరబడి కూర్చుకొన్న ప్రశ్నపత్రములకు రెండవ ప్రతి లేనిచో అవి తిరిగి దొరకవు. సి.ఐ.హెచ్. నాడు డిస్కులను కాపాడినది సూచిక యొక్క రెండవ ప్రతియే; మెర్స్క్‌ను కాపాడినదియు ఘనాలో మిగిలిన ప్రతియే. వేరొకచోట భద్రముగ నుంచిన ఆ రెండవ ప్రతిని యంత్రము చక్కగా మేల్కొనుచున్న దినములలోనే సిద్ధపరచుకొనవలెను.