కోవెలకుంట్ల నాటి తుపాకీ ఎంత దూరం కొట్టేది?



హాస్టల్లో 'సైరా' సినిమా గురించి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు, “విల్లంబులు పట్టుకొని తుపాకులతో కొట్లాడితే గెలుస్తారా?” అని. మనోళ్లు తల దించుకుంటారు. ఆ కాలం తుపాకీ అసలు ఎంత దూరం కొట్టేదో చూస్తే తల దించుకోవాల్సిన పని లేదని తెలుస్తుంది.

ముందు చరిత్ర. 1800లో నిజాం మన సీమను కంపెనీకి అప్పజెప్పాడు. పాలెగాళ్ల అధికారం పోయింది. తర్వాత ఊరి కావలి కట్టుబడి వాళ్ల మాన్యాల మీద కూడా కంపెనీ చెయ్యి పడింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం మిగిలింది. 1846 జూలైలో ఆయన మనుషులు కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. ఆ మనుషుల్లో బోయలు, యానాదులు, నల్లమల చెంచులు ఉన్నారు. మన వాటా అది.

ఇక తుపాకీ సంగతి. అప్పట్లో కంపెనీ సిపాయిల చేతుల్లో ఎక్కువగా ఉండేది నున్నటి గొట్టం మస్కెట్. మూతి నుంచి మందు పోసి, సీసపు గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. గుండు గొట్టం కంటే కాస్త సన్నం. అందుకే పేలినప్పుడు లోపల అటూ ఇటూ తగులుతూ పోయి, చివర ఎటు తగిలితే దానికి ఎదురు వైపు వంకరగా బయటికి వస్తుంది. పైగా గుండ్రటి ఆకారం కాబట్టి గాలి దాన్ని తొందరగా ఆపేస్తుంది. గుండు ఎన్నో వందల గజాలు పోతుంది, కానీ 100 గజాలు దాటితే ఒక మనిషికి గురిపెట్టి కొట్టడం కష్టం. అందుకే సిపాయిలు వరుసగా నిలబడి అందరూ ఒకేసారి కాల్చేవాళ్లు.

భూమి లాగుడు కూడా ఉంది గదా. 150 మీటర్లు పోవడానికి ఆ గుండుకు దాదాపు అర సెకను పడుతుంది. ఆ లోపల అది మీటరుకు పైనే కిందికి జారిపోతుంది. ఎంత ఆరితేరిన సిపాయి అయినా నిమిషానికి మూడు సార్లు మించి కాల్చడం కష్టం. మందు తడిస్తే అదీ లేదు. తిరుగుబాటు నడిచింది జూలై నుంచి అక్టోబరు దాకా, అంటే మనకు వాన కాలం.

ఇప్పుడు నల్లమలలో నిలబడి ఆలోచించండి. చెట్ల మధ్య ముప్పై నలభై గజాలకు మించి మనిషి కనబడడు. కనబడని దూరానికి తుపాకీ కొట్టినా ఏం లాభం? చెంచు వేటగాడు చప్పుడు లేకుండా దగ్గరికి పోయి వేస్తాడు. సిపాయి ఒకసారి మందు దట్టించే లోపల నాలుగైదు బాణాలు వదులుతాడు. అడవిలో ఆ రెండు ఆయుధాల మధ్య మనం అనుకునేంత తేడా లేదు.

మరి ఎందుకు ఓడారు? కంపెనీ దగ్గర జీతం సైన్యం ఉంది, ఖజానా ఉంది, ఒక దండు అలిసిపోతే ఇంకో దండు వస్తుంది. మనవైపు తిండి గింజలు కూడా అడవి దిగి తెచ్చుకోవాలి. అక్టోబరులో పేరుసోమల దగ్గర చుట్టుముట్టి నరసింహారెడ్డిని పట్టుకున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. జనాన్ని భయపెట్టడానికి ఆయన తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారు.

అసలు తేడా ఆ తర్వాత వచ్చింది. 1849లో ఫ్రాన్సులో మినియే కోసుగా ఉండే తూటా చేశాడు. గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు ఉంటే ఆ తూటా బొంగరంలా తిరుగుతూ ముక్కు తిన్నగా పెట్టుకొని పోతుంది. 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఆ పద్ధతిదే. తర్వాత వచ్చిన పాయింట్ 303 తూటా సెకనుకు సుమారు 740 మీటర్ల వేగంతో బయలుదేరేది. గాలే లేకపోతే అది 50 కిలోమీటర్లు దాటిపోవాలి. గాలి అడ్డం వల్ల 3 కిలోమీటర్ల దగ్గర పడిపోతుంది. అంటే తూటాకు అసలు శత్రువు గాలి.

ఆ రైఫిళ్ల కాలంలో కూడా అడవి తన మాట చెప్పింది. 1922 సెప్టెంబరు 24న మన్యంలో దామనపల్లి ఘాట్ దగ్గర అల్లూరి మనుషులు కాచుకొని కాల్చితే కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు చనిపోయారు. దూరం కొట్టే తుపాకీ దగ్గర పొంచి ఉన్నవాణ్ణి చూడలేకపోయింది.

చివరగా తమ్ముళ్లకు ఒక మాట. “గురి తగిలే దూరం” వేరు, “ప్రాణం తీసే దూరం” వేరు. పంది కోసమని నాటు తుపాకీ పేల్చేవాళ్లు, పెళ్లిలో గాల్లోకి కాల్చేవాళ్లు ఈ తేడా మరిచిపోతారు. గురి తప్పిన గుండు ఆగిపోదు, ఎవరి చేనులోనో, ఎవరి గుడిసె మీదనో పడుతుంది. అలాంటి చోట నిలబడొద్దు, తమాషా చూడొద్దు.

ఇక ఆ విల్లంబుల మాట మళ్లీ ఎవరైనా అంటే, ఈ లెక్క చెప్పండి. మీ గూడెంలో పెద్దోళ్లకు ఆ తిరుగుబాటు గురించి ఏ కథ గుర్తున్నా అడిగి రాసుకోండి. మన పేర్లు మన ముసలోళ్ల నోట్లో ఉండొచ్చు.