దత్తమండలంలో పరదేశి అయ్యవార్లు, గత్తర కాలాలు

చిలమకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊళ్లున్న కడప సీమ 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతంలో భాగం. ఆ ప్రాంతమంతటినీ ఇంగ్లీషువారు సీడెడ్ జిల్లాలన్నారు, తెలుగువారు దత్తమండలమన్నారు. కంపెనీ అధికారులూ, వారి వెనుక క్రైస్తవ మిషనరీలూ ఇక్కడ బడులు తెరిచేనాటికి చదువు ఈ నేలకు కొత్త కాదు. చిలమకూరులో రేనాటి చోళుల శాసనం ఉంది. దానికి చేరువలోని కలమళ్లలో 575 ప్రాంతానికి చెందిన, తెలుగులో తొలిదిగా ఎంచే శాసనం ఉంది. అరుగు మీదనో చెట్టు కిందనో పిల్లలను కూర్చోబెట్టి, ఇసుకలో అక్షరాలు దిద్దించి, జీతంగా కొంత ధాన్యం, కొంత డబ్బు పుచ్చుకొనే అయ్యవారి వీధిబడులు ఊరూరా నడిచేవి. పొరుగు బళ్లారి జిల్లా కలెక్టరు 1823లో పంపిన లెక్కలో అలాంటి పాఠశాలలు 533, చదివేవారు 6,641 మంది ఉండగా, ఇంగ్లీషు బడి ఒక్కటే ఉంది. పరదేశి ఉపాధ్యాయుడు ఖాళీ నేల మీద విత్తనం చల్లలేదన్న సంగతి ముందుగా గుర్తుంచుకోవాలి.

అతడు వచ్చిన కాలం మాత్రం రోగకాలం. తెలుగు పల్లెలు గత్తర అనీ, వాంతిభేది అనీ పిలిచిన కలరా 1817లో బెంగాలులోని జెస్సోరు నుంచి బయలుదేరి, సైన్యాలతోనూ యాత్రికులతోనూ దక్కను మీదుగా నడిచి 1818లో మద్రాసు చేరింది. ఇది చరిత్రకారులు మొదటి కలరా మహమ్మారిగా లెక్కించే విజృంభణ, 1824 దాకా సాగింది. ఆ మధ్యలోనే, 1820లో, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కలెక్టరు సహాయకుడిగా కడపకు వచ్చాడు. పగలు కచేరీ పని చూసుకుంటూనే 1821లో కడపలో రెండు ఉచిత పాఠశాలలు పెట్టాడు. కలరా నీటి ద్వారా సోకుతుందని లండనులో జాన్ స్నో నిరూపించే ప్రయత్నం చేసింది 1854లో. కాబట్టి ఆనాటి దొరకు తెలిసింది చెడుగాలి సిద్ధాంతం, అంటే కుళ్లిన పదార్థాల ఆవిరి వల్ల రోగం పుడుతుందన్న నమ్మకం మాత్రమే. ఊరివారికి తెలిసింది మారెమ్మకు జాతర చేసి, రోగాన్ని పొలిమేర దాటించడం. ఇద్దరూ తాగిన బావి నీటిని ఇద్దరూ అనుమానించలేదు.

ఈ రోగం విద్యను నేరుగా దెబ్బతీసిన సందర్భం ఒకటి దత్తమండలంలోనే జరిగింది. ఈ సీమకు తొలి ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1822లో రాజధాని అంతటా బడుల లెక్క తీయించాడు. (రాజధాని అంటే ఇక్కడ గవర్నరు పాలన కింద ఉన్న మొత్తం ప్రాంతం, నగరం కాదు.) 1826లో జిల్లా కేంద్రాలలో 40, తాలూకాలలో 300 పాఠశాలలు తెరవాలనీ, తాలూకా బడి అయ్యవారికి నెలకు 9 రూపాయలు, జిల్లా బడి అయ్యవారికి 15 రూపాయలు ఇవ్వాలనీ ప్రతిపాదించాడు. ఆ జీతాలు స్వదేశీ ఉపాధ్యాయులకు ఉద్దేశించినవి. ఇంగ్లండు నుంచి పంతుళ్లను తెప్పించి చదువు చెప్పించడం సాధ్యం కాదని మన్రోకు తెలుసు. పదవి విడిచి వెళ్లబోయే ముందు పాత జిల్లాలను చూడడానికి బయలుదేరిన మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. పథకం ఆ తర్వాత కొన్నేళ్లు కుంటుతూ నడిచి 1836 నాటికి మూతపడింది. ఒక్క మరణమే దానిని ముంచిందనడం అతిశయోక్తి, కాని దానిని పట్టుకొని నిలబడగల మనిషి మాత్రం మళ్లీ ఆ కుర్చీలోకి రాలేదు.

మిషనరీల కథ ఇంతకంటె పొడవైనది. లండన్ మిషనరీ సొసైటీ తెలుగు నేల మీద 1805లో విశాఖపట్నంలో అడుగుపెట్టింది. అక్కడ బడి పెట్టి, బైబిలు అనువాదం మొదలుపెట్టిన జార్జి క్రాన్ 1809లో, అగస్టస్ డె గ్రాంజెస్ 1810లో చనిపోయారు. ఆ పని ఆగకుండా ముందుకు సాగడానికి వారికి తోడుగా ఉన్న ఆనందరాయరు పాండిత్యం ఒక ముఖ్య కారణం. అదే సొసైటీ 1822లో కడపలోనూ, తర్వాత జమ్మలమడుగులోనూ కేంద్రాలు పెట్టి, జమ్మలమడుగులో ఆసుపత్రి కూడా నడిపింది. ఈ పరదేశులు బ్రౌన్ కాలంలో ఇంటికి రాసిన ఉత్తరం ఓడలో ఆఫ్రికా చుట్టి చేరేసరికి నెలలు పట్టేది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకొని, 1871 నాటికి మద్రాసు రైలు కడప, ఎర్రగుంట్ల మీదుగా రాయచూరు చేరాక ఆ దూరం వారాలకు తగ్గింది. అయితే రైలు వచ్చిందంటే రోగానికీ బండి దొరికినట్టే. 1876-78 నాటి ధాత కరువులో ఈ సీమ తిండికి అలమటించినప్పుడు కలరా కూడా వెన్నంటి వచ్చింది. 1896లో బొంబాయిని పట్టిన ప్లేగు రెండేళ్లలో బళ్లారి వైపు చేరింది.

ప్లేగు వేళ పల్లెజనం ఇళ్లు వదిలి పొలాలలో గుడిసెలు వేసుకొని ఉండేవారు. ఎలుకలు చస్తున్న ఇంటి నుంచి దూరంగా పోవడం నిజంగానే సరైన మార్గమని తర్వాతి వైద్యం తేల్చింది. ఊరే ఖాళీ అయిన చోట బడి ఉండదు. దొర బంగళాలో ఒంటరిగా మిగిలితే, అక్షరం తెలిసిన స్థానిక అయ్యవారు జనంతోపాటే గుడిసెల్లోకి పోయేవాడు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరం వచ్చినప్పుడు పరిస్థితి మరీ విషమించింది. వానలు తప్పి ధరలు పెరిగాయి, యూరపు యుద్ధం వల్ల ఓడలకు ప్రమాదం ఉండి కొత్త మనుషులు రావడం తగ్గింది, దేశమంతటా కోటీ 20 లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా. ప్లేగును అణచడానికి 1897లో చేసిన అంటురోగాల చట్టాన్నే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 మార్చిలో కోవిడ్ నిబంధనలకు ఆధారం చేసుకుంది.

పరదేశి ఉపాధ్యాయుడికి ఈ కాలపు పోలిక ఒకటి ఫ్రాన్సులో దొరుకుతుంది. అదే మార్చి 16న అక్కడ బడులు మూతపడ్డాయి, మర్నాటి నుంచి ఇల్లు కదలాలంటే సంతకం చేసిన పత్రం చేతిలో ఉండాలన్నారు. అక్కడి పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పడానికి విదేశాల నుంచి వచ్చే యువతీయువకులను సహాయకులంటారు, అంటే స్థానిక ఉపాధ్యాయుడి పక్కన నిలబడి భాష మాట్లాడించేవారు. వారు తమ గదుల నుంచి తెర మీద పాఠాలు చెప్పారు. ఈ ఏర్పాటులో ఒక నిజాయితీ ఉంది: అసలు ఉపాధ్యాయుడు, పిల్లల సంగతి తెలిసినవాడు, స్థానికుడేనని ఆ పేరే ఒప్పుకుంటుంది. దత్తమండలంలో జరిగిందీ ఇదే, కాని పేరు తలకిందులుగా పెట్టారు. 1826లో కడపకు తిరిగివచ్చి బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకున్న బ్రౌన్ అక్కడ నడిపిన పనిని జనం బ్రౌన్ కాలేజీ అన్నారు. ఆ పండితులను నడిపించినది అయోధ్యాపురం కృష్ణారెడ్డి. ఆ బంగళా ఉన్న చోట ఇప్పుడు బ్రౌన్ పేర గ్రంథాలయం, భాషాపరిశోధన కేంద్రం ఉన్నాయి. బ్రౌన్ దానికి అర్హుడే. జిల్లా చరిత్ర రాసేవారు కృష్ణారెడ్డినీ, పేరు దక్కని వీధిబడి అయ్యవార్లనూ సహాయకుల వరుసలో కాక ఉపాధ్యాయుల వరుసలోనే చేర్చాలి.