పనీ ప్రార్థనా: డోర్నకల్ బడి, మన చదువు

బెనెడిక్టైన్ క్రైస్తవ సన్యాసులకు పదిహేను వందల ఏళ్లుగా ఒక నియమం ఉంది. ప్రార్థన చెయ్యాలి, చేతులతో పని చెయ్యాలి, పుస్తకం చదవాలి. మఠం పక్కనే కళాశాల పెట్టి పిల్లలకు ఇదే నేర్పే పద్ధతి అమెరికా దాకా పోయింది. మిన్నెసోటాలో 1857లో మొదలైన సెయింట్ జాన్స్ అలాంటిదే. మన అడవి అంచున దీనికి దగ్గరగా వచ్చింది కేథలిక్కుల సంస్థ కాదు, ఆంగ్లికన్ల డోర్నకల్. ఖమ్మం కేథలిక్ మేత్రాసనం 1988లో ఏర్పడింది, ఆ కథ వేరే.

పేచీ అంతా 'పని' అనే మాట దగ్గరే. సన్యాసికి చేతిపని తాను కోరుకున్న వ్రతం. నిజాం ఇలాకాలో మాల మాదిగలకు పనంటే వెట్టి. మనవాళ్ల పిల్లలు బడికి పోయిందే ఆ పనినుంచి తప్పించుకోడానికి. ఆ బడిలో మళ్లీ పార చేతికిస్తే ఏమనుకోవాలి?

డోర్నకల్‌ను నిలబెట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి నాడార్. ఒకప్పుడు గుడి గడప తొక్కనివ్వని కులమే అది కూడా. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివాడు గానీ డిగ్రీ చేతికి రాలేదు. 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. అప్పటికే సింగరేణి బొగ్గు కోసం వేసిన రైలు లైను అక్కడ కలుస్తుంది. జంక్షన్ పక్కనే గురువుల పాఠశాల, పనుల బడి, అచ్చుయంత్రం, చివరికి 1939లో ప్రతిష్ఠ చేసిన ఎపిఫనీ కెథెడ్రల్ వచ్చాయి. పాఠశాలకు వచ్చినవాళ్లు భార్యల్ని వెంట తెచ్చుకునేవాళ్లు, ఆడవాళ్లకూ చదువు చెప్పేవాళ్లు. అజరయ్య భార్య అన్బు మరియమ్మాళ్ తానే కాలేజీ మెట్లెక్కిన మనిషి. మన చరిత్రల్లో ఆమె పేరు ఎంత వెతికినా దొరకదు!

పార సంగతికొస్తాను. నేత మాలలకు పాతదే. వడ్రంగం, అచ్చుపని మాత్రం ఊరు మాదిగవాడికి ఎప్పుడూ ఇవ్వనివి. కులం అంటగట్టిన పని వేరు, కులం అడ్డుపడిన పని వేరు. ఈ తేడా చూడకుండా మిషన్ బడులు కూలీలనే తయారు చేశాయని కొట్టిపారేస్తే సరిపోదు. అట్లాగని పొగిడి ఊరుకోవడమూ కుదరదు. ఆ చదువు ఎక్కువమందిని ఊరిబడి పంతులు దాకా, సువార్తికుడి దాకా తెచ్చి ఆగింది. మాల మాదిగ తగాదా సంఘంలో కూడా చావలేదు.

అయినా ఎవరికి జవాబుగా ఆ బడి నడిచిందో గుర్తుంచుకోవాలి. 1936లో జాన్ మాట్‌తో మాట్లాడుతూ గాంధీ, అంటరానివాళ్లకు సువార్త చెప్పడాన్ని ఆవుకు చెప్పడంతో పోల్చాడు. సరిగ్గా ఆ ఏళ్లలోనే డోర్నకల్‌లో మాల మాదిగ కుర్రాళ్లు పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. మతమార్పిళ్ల మీద గాంధీకీ అజరయ్యకీ పొసగలేదు.

ఇక అడవి వైపు. గోదావరి మీద పడవల దారి కోసం దుమ్ముగూడెంలో ఆనకట్ట కట్టించిన ఇంజనీరు హెయిగ్ 1860లలో కోయల మధ్య మిషన్ మొదలుపెట్టించాడు. 1871లో పడవల పథకం మూలబడ్డా మిషన్ మిగిలింది. జాన్ కెయిన్ అక్కడే ఉండి కోయ భాష నేర్చి, భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. ఆ తాలూకా 1874లో గోదావరి జిల్లాలో చేరింది, ఖమ్మానికి వచ్చింది 1959లో.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. ఒకే మిషన్ బడిలో కోయ పిల్లవాడూ మాదిగ పిల్లవాడూ చదివారనుకుందాం. ఇద్దరికీ బాప్తిస్మం అయింది. కోయ పిల్లవాడు ఎస్టీగానే ఉంటాడు. మాదిగ పిల్లవాడు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తీశారు, క్రైస్తవులకు తియ్యలేదు. మనకు మిగిలింది బీసీ-సీ, ఒక్క శాతం. ఊళ్లో అతని వాడ మారలేదు, గ్లాసు మారలేదు.

అందుకే బడి రిజిస్టర్లో ఒక పేరు, గుడి రిజిస్టర్లో ఇంకో పేరు. మా తాతల పేర్లను మొదటిసారి కాగితం మీదికెక్కించింది ఆ బాప్తిస్మ పుస్తకాలే. మాలాంటి పరిశోధకులు వాటిని చూపించమని అడిగితే చర్చి పెద్దలు ముందు తలుపు దగ్గరికేసి, ఎవరు పంపారని అడుగుతారు. ఆ పుటే రేపు కలెక్టరాఫీసులో మనవడి సర్టిఫికెట్‌కు అడ్డం పడుతుందని వాళ్లకు తెలుసు.